దొర అండ్ ఇంకొకరు

దొరస్వామి గారికి పార్ట్‌నర్ లేకుండా పొద్దు గడవదు. కొందరికి కాఫీ పడకపోతే తలనొప్పి వస్తుంది, కొందరికి పేపరు చదవకపోతే ఏమీ తోచదు. ఆయనకు తన కంపెనీ పక్కన ఇంకో కంపెనీ లేకపోతే అన్నం సహించదు. చేసేది ఫోన్లో ఆడుకునే వీడియో గేముల వ్యాపారం. రైల్లో ఎదుటి సీటు మనిషిది కూడా అదే వ్యాపారమని తెలిసిందా, బండి అరక్కోణం దాటకముందే చెయ్యి చాపేవారు.

“మనం కలిసి చేస్తామా పా?”

ఆ చెయ్యి పట్టుకున్నవాళ్ళు చాలామంది. పట్టుకుని నిలిచినవాళ్ళు మాత్రం లేరు. కోయంబత్తూరు వాళ్ళు వచ్చారు, పోయారు. సేలం వాళ్ళు వచ్చారు, పోయారు. ఒక తిరుచ్చి కంపెనీ అయితే పొద్దున చెయ్యి కలిపి, సాయంత్రం టిఫిను వేళకు విడిపోయింది. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మద్రాసు టి. నగర్‌లో పాండీ బజార్ వెనక సందులో, పట్టుచీరల అంగడి మీద ఆయన ఆఫీసు. కట్టడం తాతల నాటిది, సొంతం. కింది అంగడి అద్దెతో పైన ఆటలు తయారయ్యేవి. మెట్ల దగ్గర బోర్డు మీద “దొర అండ్” అని ఎనామెల్ రంగుతో రాయించి, ఆ పక్కన రెండు కొక్కేలు కొట్టించారు. పార్ట్‌నర్ దొరికినప్పుడు అతని పేరు రాసిన రేకు ఆ కొక్కేలకు తగిలించడం, విడిపోయినప్పుడు తీసేయడం. రెండు రేకుల మధ్య కాలంలో బోర్డు “దొర అండ్” అంటూ నోరు తెరుచుకుని ఉండేది.

కొరియర్ మనిషి ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు. “అండ్ ఎవరు సార్?”

“వస్తా ఉండాడు పా. దారిలో ఉండాడు,” అన్నారు దొరస్వామి గారు. ఎవరు వస్తున్నారో ఆయనకూ తెలియదు. కానీ ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం ఆ ముఖంలో ఎంతగా వెలిగిపోయిందంటే, కొరియర్ మనిషి కూడా ఒకసారి వెనక్కి తిరిగి సందు వైపు చూశాడు.

కార్తీక ఆ ఆఫీసుకు రావడానికి కారణం చట్నీ.

ఆమె బొమ్మలు వేసే పిల్ల. ఇల్లు మాధవరం పాల కాలనీలో. ఇంటికి దగ్గర్లోనే బాలకృష్ణన్ అనే ఆయన నడిపే చిన్న గేముల కంపెనీలో ఆమె తొలి ఉద్యోగం. దొరస్వామి గారికి ఆ బాలకృష్ణన్ ఏదో పెళ్ళిలో పంక్తిలో పక్కన దొరికాడు. సాంబారు దాటి రసానికి వచ్చేసరికి ఇద్దరూ పార్ట్‌నర్లు. రెండు కంపెనీలూ కలిసి ఇడ్లీ అంగడి ఆట మొదలుపెట్టాయి. ఆడేవాళ్ళు ఇడ్లీలు ఉడికించాలి, ఆకు వెయ్యాలి, వచ్చినవాళ్ళకు వడ్డించాలి. కార్తీక వేసిన ఇడ్లీల మీద ఆవిరి లేస్తుంటే చూసేవాళ్ళకు నోరూరేది. ఆట దాదాపు పూర్తవుతుండగా బాలకృష్ణన్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఇడ్లీ ఉచితమే, కానీ రెండోసారి చట్నీ వడ్డించాలంటే ఆడేవాళ్ళు నిజం డబ్బు కట్టాలి.

దొరస్వామి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “చట్నీకి దుడ్డా?”

“ఆటల్లో అట్లానే సార్ సంపాదన. అందరూ అదే చేస్తా ఉండారు.”

“ఇది మద్రాసు పా! ఈడ రెండోసారి చట్నీకి దుడ్డు అడిగిన అంగడి ఒకటి చూపించు నాకు. వద్దన్నా వినకుండా సాంబారు బకెట్టు ఎత్తుకోని వెనకాల్నే తిరిగే ఊరు ఇది!”

“సార్, ఇది నిజం చట్నీ కాదు సార్. బొమ్మ చట్నీ.”

“చట్నీ బొమ్మది అయితే దుడ్డు మాత్రం నిజంది ఎందుకు పా?”

బాలకృష్ణన్ ల్యాప్‌టాప్ మూసేశాడు. పార్ట్‌నర్‌షిప్ కూడా అంతటితో మూతపడింది. పంపకాల్లో ఆట బాలకృష్ణన్‌కు పోయింది. దొరస్వామి గారి వాటాకు కార్తీక వచ్చింది. కూరగాయలు కొన్నవాడికి పైన ఇంత కరివేపాకు వేసినట్టు, తనను కొసరుగా ఇచ్చేశారని ఆమె అనుకుంది. కొత్త ఆఫీసుకు వచ్చిన మొదటి రోజు టిఫిను డబ్బా కూడా తెరవకుండా కూర్చుంటే, సుబ్బన్ అనే పెద్దాయన పక్క కుర్చీ లాక్కున్నాడు. ఆయన అక్కడ ప్రోగ్రాములు రాసేవాడు.

“నువ్వు దేనికి కొసరు మా?”

“ఇడ్లీ అంగడికి.”

“నేను కబడ్డీకి,” అన్నాడు సుబ్బన్, ఏ ఊరో చెప్పినంత మామూలుగా.

ఆ కబడ్డీ ఆట కోయంబత్తూరు కంపెనీతో చేసింది. ఆటగాళ్ళను వాళ్ళు తయారు చెయ్యాలి, కోర్టును వీళ్ళు. వాళ్ళు మీటర్లలో కొలిచారు, వీళ్ళు అడుగుల్లో. రెండూ కలిపి చూస్తే ఆటగాళ్ళు తాటిచెట్లంత ఉన్నారు. కూతకు వెళ్ళినవాడు ఒక్క అంగ వేస్తే ఎదుటి జట్టు వెనక గీత కూడా దాటిపోయేవాడు. ‘కబ’ అనేలోపే కోర్టు అయిపోయేది, ‘డ్డీ’ అనడానికి చోటు లేదు. మనుషుల్ని కుదించేది లేదని వాళ్ళు, నేలను సాగదీసేది లేదని వీళ్ళు. ఆట వాళ్ళకు పోయింది, సుబ్బన్ ఇక్కడికి వచ్చాడు.

ఎదురు బల్ల దగ్గర జెబ. తొండియార్‌పేట పిల్ల. సేలం కంపెనీతో చేసిన దెయ్యం ఆటలో దెయ్యం అరుపు ఆమెదే. ఆ ఆట ఎందుకు చెడిందంటే, దెయ్యం మరీ బాగా కుదిరింది. పరీక్షించి చూడవలసిన దొరస్వామి గారు మూడో గది దాటి లోపలికి పోనన్నారు, దెయ్యాన్ని కొంచెం మెత్తగా చెయ్యమన్నారు. భయపెట్టని దెయ్యం మాకు వద్దని సేలం వాళ్ళు ఆట తీసుకుని వెళ్ళిపోయారు. జెబ మిగిలింది. ఆమె తుమ్మినా పక్క గదిలో ఎవరో ఒకరు ఉలిక్కిపడేవాళ్ళు.

అట్లా ఆ ఆఫీసులో ఇంటర్వ్యూ ఇచ్చి చేరినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ పంపకాల్లో వచ్చినవాళ్ళే.

విడిపోయిన ప్రతిసారీ దొరస్వామి గారు ఆ పార్ట్‌నర్‌ను మెస్సుకు తీసుకుపోయి అరిటాకులో భోజనం పెట్టించేవారు. “కలిసేటప్పుడు కాఫీ ఇచ్చినా చాలు. పొయ్యేవాడిని మాత్రం ఆకలితో పంపించగూడదు,” అనేవారు. బాలకృష్ణన్‌కు ఆ రోజు ఆయనే దగ్గరుండి రెండోసారి, మూడోసారి చట్నీ వేయించారట. బాలకృష్ణన్ తలెత్తకుండా తిన్నాడట.

“టి. నగర్లో పుట్టి బేరం చెయ్యను రాని మనిషి మన సార్ ఒక్కరే,” అనేది జెబ. “ప్రతిసారీ ఆట పోగొట్టుకోని మనల్ని తెచ్చుకుంటాడు. పాపం, రొంబ అమాయకుడు.”

కార్తీకకూ మొదట్లో అట్లాగే అనిపించేది. కానీ పోను పోను ఆయన్ని చూస్తే ఆమెకు జాలి పోయి విస్మయం మిగిలింది. ఇన్నిసార్లు చెడిన మనిషి, చెయ్యి చాపేటప్పుడు ఒక్కసారైనా జంకడేమిటి? ప్రతి కొత్త పార్ట్‌నర్‌నూ అతనే మొదటివాడన్నట్టు చూస్తాడేమిటి? తను ఒక స్నేహితురాలితో మాట పట్టింపు వస్తే నెలల తరబడి ఫోన్ ఎత్తదు. ఈయన గుండె ఏ కొట్లో కొన్నదో అనుకునేది.

ఆ ఊపులోనే కార్తీక సొంతంగా ఒక ఆట ఊహించింది. పేరు ‘ఫుట్‌బోర్డు’. మాధవరం నుంచి బ్రాడ్‌వే పోయే బస్సు. ఆడేవాళ్ళే కండక్టరు. మెట్ల మీద వేలాడేవాళ్ళను లోపలికి తొయ్యాలి, చిల్లర ఇవ్వాలి, విజిల్ ఊదాలి. మూలక్కడైలో పూలబుట్టతో ఒకామె ఎక్కుతుంది. బుట్ట లోపలికి పోదు, ఆమె దిగదు. వ్యాసర్‌పాడి వచ్చేసరికి కాలేజీ పిల్లల గుంపు. బొమ్మలన్నీ ఆమె వేసింది. చూసిన మొదటి రోజు దొరస్వామి గారు నిలబడే ఆడారు. కూర్చోండి సార్ అంటే, “సీటు యాడుండాది మా?” అన్నారు.

దానికి పార్ట్‌నర్ కావాలి కదా. నందంబాక్కంలో గేముల ప్రదర్శన జరిగితే ఆయన పోయి, కాఫీ లైనులో నిలబడ్డ ఒక మనిషిని పట్టుకొచ్చారు. ఆ మనిషి శివరామ్. నవధార గేమ్స్ అనే బెంగళూరు కంపెనీలో పెద్ద అధికారి. నవధార అంటే ఆటలు చేసే ప్రతివాడూ తలెత్తి చూసే పేరు. పెరుంగుడిలో అద్దాల మేడలో వాళ్ళకు ఒక చిన్న బ్రాంచి కూడా ఉంది. అంతటి కంపెనీ, చీరల అంగడి మీది కంపెనీతో చెయ్యి కలిపింది! నవధార రేకు బోర్డు కంటే పొడుగైపోయి, ఇంకో కొక్కెం కొట్టించవలసి వచ్చింది. సుబ్బన్ కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు.

పెరుంగుడి బ్రాంచిలో ఆరేడుగురు పిల్లలు. వాళ్ళకు పెద్ద ఆనందన్ అనే అతను. ఆ బ్రాంచికి ‘ఫుట్‌బోర్డు’ పని అప్పగించారు. బస్సు బ్రేకు వేస్తే మనుషులంతా ముందుకు ఎట్లా తూలాలో ఆనందన్ వాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి, తోసి, చూసి మరీ చేశాడు. విజిల్ శబ్దం నచ్చక తనే రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఊది రికార్డు చేశాడు. కార్తీక అక్కడికి పోయి వచ్చిన రోజు ఇంట్లో అన్నం తింటూ తనలో తనే నవ్వుకునేది. తను కాగితం మీద గీసిన బస్సు ఇప్పుడు గుంతల్లో ఎగురుతోంది.

ఏడాది తిరక్కుండానే కబురు వచ్చింది. నవధార పైవాళ్ళు చెన్నై బ్రాంచి మూసేస్తున్నారు. పార్ట్‌నర్‌షిప్ రద్దు. పంపకాలకు రమ్మని పిలుపు.

“ఈసారి నేనూ వస్తాను సార్,” అంది కార్తీక.

“రా మా. భోజనం ఎట్లానూ ఉండాది.”

“భోజనానికి కాదు సార్. ఈ ఆట నాది. మీరు ఇచ్చేస్తారని భయం.”

దొరస్వామి గారు తలవంచుకుని మెట్లు దిగారు. ఆయన బోర్డు వైపు చూడకుండా దిగిపోవడం ఆమె అదే మొదటిసారి చూడడం.

పెరుంగుడి అద్దాల మేడలో ఒక వైపు శివరామ్, అతని పక్కన కంపెనీ లాయరు భువనేశ్వరి. ఇటువైపు వీళ్ళిద్దరు. శివరామ్ మంచిగానే మాట్లాడాడు.

“ఆట మీరు తెచ్చింది కాబట్టి ఒప్పందం ప్రకారం మీకే వెనక్కి ఇచ్చేస్తున్నామండి. మా తరఫున పేచీ ఏమీ లేదు. పూర్తి చేసి మీరే విడుదల చేసుకోండి.”

కార్తీకకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గట్టిగా ఊపిరి వదిలి, బల్ల కింద చేతులు నలుపుకుంది.

“సంతోషం సార్,” అన్నారు దొరస్వామి గారు. “ఆనందన్, ఆ పిల్లోళ్ళు ఏమవుతారు?”

“వాళ్ళను పంపేస్తున్నామండి. తప్పడం లేదు.”

“మేము పెట్టుకుంటాము పనిలో.”

“కుదరదండి,” అంది భువనేశ్వరి. “విడిపోయిన తర్వాత రెండేళ్ళ దాకా ఒకరి మనుషులను ఇంకొకరు పనిలో పెట్టుకోకూడదని షరతు ఉంది. ఈ వ్యాపారంలో ఎవరు కలిసినా ఆ షరతు రాసుకుంటారు కదా.”

“రాసుకుంటారు మా, తెలుసు. కొట్టెయ్యను కాదా?”

శివరామ్ ఇబ్బందిగా నవ్వాడు. “ఊరికే కొట్టేస్తే పైవాళ్ళు నన్ను అడుగుతారండి. బదులుగా ఏం వచ్చింది అంటారు.”

దొరస్వామి గారు నోరు తెరిచారు. తెరిచి కార్తీక వైపు చూశారు. మూసేశారు. “రవ్వంత సేపు సార్,” అని ఆమెను బయటి వరండాలోకి తీసుకొచ్చారు.

“ఏం అడగబోయినారు సార్ లోపల?”

“అడగబోయింది కాదు మా, ఇయ్యబోయినా. ఆట ఇచ్చేస్తే షరతు కొట్టేస్తారు. ఎప్పుడూ అంతే కదా చేసేది.”

“ఎప్పుడూ?”

“సుబ్బన్ను ఎట్లా తెచ్చుకుంటిననుకున్నావు? కోయంబత్తూరు వాళ్ళు ఆయనకు వయసైపోయిందని నిలిపేస్తా ఉండిరి. కబడ్డీ ఇచ్చేస్తే మనిషిని వదిలినారు. జెబకు దెయ్యం.”

“మరి నాకు... ఇడ్లీ అంగడా? చట్నీ దగ్గర కదా సార్ చెడింది?”

“చట్నీ కోపం నిజమే!” అన్నారు ఆయన, ఆ కోపం ఇంకా చల్లారనట్టే. “కానీ ఆ ఆట నాకూ సగం వచ్చుండేది. బాలకృష్ణన్ కంపెనీ అప్పటికే ఊగతా ఉన్నింది, నీకు తెలీదు. ముందు ఆ బొమ్మలేసే పిల్లను పంపిచ్చేస్తానన్నాడు. ఆవిరి అంత చక్కగా వేసే బిడ్డను ఎవురన్నా పంపిస్తారా మా?”

తను కొసరు కాదు. కొసరుగా పోయింది ఆట.

“నవధార ఊగడం లేదు కదా సార్. వీళ్ళను ఎందుకు పట్టుకున్నారు?”

“కాఫీ లైన్లో శివరామ్ ఫోన్లో మాట్లాడతా ఉన్నింది వింటిని. చెన్నై బ్రాంచికి పని లేదు, మూసేస్తామని. అందుకే మన బస్సు చూపిస్తి. ఏడాదికి దగ్గరగా నడిచింది కదా మా, చాల్లే.”

“సాయం చేస్తానని నేరుగా చెప్పచ్చు కదా సార్ వాళ్ళకు? ఈ రేకులు, ఈ పంపకాలు అంతా దేనికి?”

దొరస్వామి గారు అద్దంలోంచి కిందికి, రోడ్డు మీద పోతున్న బండ్ల వైపు చూశారు. “నేను ఒకసారి మునిగినా మా, వయసులో ఉండేటప్పుడు, ప్రింటింగ్ ప్రెస్సు పెట్టి. సాయం చేస్తామని వచ్చినోళ్ళ ముందర తలెత్తలేకపోతిని. ఒకాయన మాత్రం, పార్ట్‌నర్‌గా చేస్తామా అన్నాడు. ఆ రోజు కాలర్ సర్దుకోని కూచున్నా.” కాలర్ తడుముకుని, “అదీ చెడిందిలే. రొంబ గట్టిగా చెడింది,” అని నవ్వారు. వెంటనే ఆయన ముఖం ముడుచుకుంది. “కానీ ఇన్నాళ్ళూ ఇచ్చింది నా ఆటలు. ఇది నీది. నువ్వు వద్దంటే లోపలికి పోయి ఆట తీసుకోని ఇంటికి పోదాం. నాకు ఒక్క రవ్వ కోపం రాదు.”

వరండా చివర గాజు తలుపు వెనక ఆనందన్ కనబడుతున్నాడు. బల్ల మీది సామాన్లు అట్టపెట్టెలో సర్దుకుంటూ, పక్కనున్న పిల్లను నవ్వించడానికి ఏదో చెబుతున్నాడు. ఆ పిల్ల నవ్వడం లేదు. కార్తీకకు తన బస్సు కళ్ళలో మెదిలింది. దాని ప్రతి సీటూ ఆమెకు తెలుసు. ప్రతి మనిషి చొక్కా రంగూ తెలుసు. అదంతా ఇచ్చెయ్యాలంటే బాధేసింది. ఆ బాధను ఈ మనిషి ఎన్నిసార్లు పడ్డాడో, పడి మెస్సులో పాయసం వడ్డించాడో ఆమె తలుచుకుంది.

ఆమె ముందు నడిచి శివరామ్ వాళ్ళున్న గది తలుపు తోసింది.

“ఆట మీరు ఉంచుకోండి,” అంది శివరామ్‌తో. “షరతు కొట్టెయ్యండి. ఆనందన్ గారూ ఆ పిల్లలూ మాతో వస్తారు. ఒక్కటే మాట. మూలక్కడైలో ఎక్కే పూలామెను తీసెయ్యకూడదు.”

శివరామ్ ఆమెనూ, దొరస్వామి గారినీ మార్చి మార్చి చూశాడు. “పూర్తి కావచ్చిన ఆట వదిలేసుకుంటారా? మేం వద్దనుకున్న వాళ్ళ కోసం?”

“మీకు వద్దు, మాకు కావల్ల,” అన్నారు దొరస్వామి గారు. “వ్యాపారం అంటే అంతే కదా సార్? రండి, ఆకులో భోజనం చేస్తాము.”

భువనేశ్వరి కలం తీసి షరతు మీద అడ్డంగా గీత కొట్టింది. “పాయసం ఉంటుందా సార్?” అని అడిగింది, తలెత్తకుండానే.

ఆనందన్ వాళ్ళు వచ్చిన రోజు టి. నగర్ ఆఫీసులో కుర్చీలు చాలలేదు. కింది అంగడి వాళ్ళు చీరలు పరిచి చూపించే తెల్ల పరుపులు రెండు పైకి పంపించారు. పెరుంగుడి అద్దాల మేడ నుంచి వచ్చిన పిల్లలు ఆ పరుపుల మీద బాసింపట్టు వేసుకుని, కొత్తగా ఏం ఆట చెయ్యాలో మొదటి గంటలోనే పోట్లాట పెట్టుకున్నారు. జెబ ఒక్క కేక వేసేసరికి సర్దుకున్నారు.

కొన్ని నెలలకు నవధార ‘ఫుట్‌బోర్డు’ను విడుదల చేసింది. దాని మీద కార్తీక పేరు లేదు, దొర పేరూ లేదు. ఆమె ఆ సంగతి ఇంట్లో కూడా పెద్దగా ఎత్తలేదు.

ఒక పొద్దున ఆమె బస్సులో నిలబడి ఉంది. బస్సు కిక్కిరిసి ఉంది. ముందు సీట్లో కాలేజీ అమ్మాయి ఫోన్లో తల దూర్చి పళ్ళు కొరుకుతోంది. కార్తీక తొంగి చూసింది. తను గీసిన బస్సే. వ్యాసర్‌పాడి దగ్గర ఇరుక్కుపోయింది.

“అక్కా, నీకు ఆడను వస్తాదా ఇది?” అని ఆ అమ్మాయి తమిళంలో అడిగింది. “నేను ఈడ దాటలేకుండా ఉండాను.”

కార్తీక జవాబు చెప్పేలోపు నిజం కండక్టరు జనంలోంచి మెడ చాచాడు. టిక్కెట్లు పక్కన పెట్టి కళ్ళు చిట్లించి ఫోను చూశాడు.

“పూలబుట్టను డ్రైవరు పక్కకు తొయ్యి మా ముందు. పిమ్మట కాలేజీ గుంపును వెనక్కి పంపు. అట్ల కాదు! విజిల్ ఊదకుండా బ్రేకు యాడ పడతాది?”

పక్కవాళ్ళూ వంగారు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఆయన ఫోనులోని కండక్టరుకు పని నేర్పుతున్నంతసేపూ అసలు బస్సు మెట్ల మీద జనం గబ్బిలాల్లా వేలాడుతూనే ఉన్నారు.

ఆఫీసుకు రాగానే కార్తీక ఇదంతా చెప్పింది. దొరస్వామి గారు కాఫీ చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయి విన్నారు. పేరు పడలేదే అని అనలేదు. ఎంతమంది ఆడుతున్నారని అడగలేదు.

“ఆ బిడ్డ గెలిచిందా మా?”

“బ్రాడ్‌వే దాకా పోయింది సార్.”

ఆయన లేచి నిలబడి ఆఫీసంతా వినబడేట్టు అరిచారు. “అందరూ ఇనండి పా! బిడ్డ బ్రాడ్‌వే చేరింది!”

పరుపుల మీద పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆనందన్ రెండు వేళ్ళు నోట్లో పెట్టి విజిల్ ఊదాడు. కింద చీరల అంగట్లో, ఎంతసేపటి నుంచో భార్య పక్కన కూర్చుని ఉన్న ఎవరో పెద్దమనిషి ఉలిక్కిపడి లేచి, బస్సు కదలమని చెప్పే కండక్టరులా “పోలాం రైట్!” అన్నాడు.